పడిశం పది రోగాల పెట్టు - థైరాయిడ్ అందులో ఒకటా?



"పడిశం పది రోగాల పెట్టు" అన్నారు మన పెద్దలు. ఆ పది రోగాలేవో మాత్రం జాబితా రాసిపెట్టి పోలేదు. అందుచేత ఎవరికి తోచిన జబ్బును వారు అందులో చేర్చుకుంటూ వచ్చారు. విచిత్రమేమంటే, ఐరోపాలోను అమెరికాలోను పేరు మోసిన వైద్యులు కూడా ఒకప్పుడు సరిగ్గా ఇదే పని చేశారు. ముక్కులో, గొంతులో, పళ్ల చిగుళ్లలో దాగి ఉన్న చీమే ఒంట్లోని సకల రోగాలకూ మూలమని నమ్మారు. ఆ జాబితాలోకి థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేసే జబ్బు కూడా చేరింది. ఆ నమ్మకం ఎలా పుట్టింది, ఎలా పడిపోయింది, పడిపోయిన తరువాత అందులో మిగిలిన నిజం ఎంత అన్నదే ఈ వ్యాసం. ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం కావాలని కార్యదర్శిగారు అడిగినప్పుడు, రాజుల చరిత్రను వదిలి ఈ రోగం చరిత్రను ఎంచుకోవటానికి కారణం ఒక్కటే. మన వయసు వారికి ఇందులో ప్రాణావసరమైన సంగతులు కొన్ని ఉన్నాయి.

నేను వైద్యుణ్ణి కాను. ఒక వైద్య కళాశాల గ్రంథాలయంలో 33 సంవత్సరాలు పనిచేసి 2009లో పదవీ విరమణ చేసినవాణ్ణి. మందులు రాయటం నాకు తెలియదు గాని, ఏ సంగతి ఏ పుస్తకంలో, ఏ బీరువాలో దొరుకుతుందో తెలుసు. ఈ విషయంలోకి నన్ను దింపింది మా ఇంటావిడ అనారోగ్యం. ఆమెకు సైనస్ బాధ చాలా ఏళ్ల నుంచి ఉంది. 2003 చలికాలంలో పడిశం తగ్గినా నీరసం తగ్గలేదు. మామూలుగా తింటూనే రెండు నెలల్లో ఆరు కిలోలు తగ్గింది. కత్తిపీట ముందు కూర్చుంటే చేతులు వణికేవి. జనవరిలో కూడా ఫ్యాను కావాలనేది. చూపించిన చోటల్లా సైనస్ మందులే మార్చి మార్చి రాశారు. చివరికి ఒక పెద్ద డాక్టరుగారు ఆమెను చేతులు ముందుకు చాపమని, వేళ్ల మీద ఒక తెల్ల కాగితం పరిచారు. ఆ కాగితం రెపరెపలాడింది. రక్తపరీక్షలో థైరాయిడ్ అతిగా పనిచేస్తున్నదని తేలింది. "ఈ పడిశమే మెడలోకి దిగి ఇంత పని చేసిందాండీ?" అని మా ఆవిడ అడిగింది. ఆయన నవ్వి, "మీది కొత్త ప్రశ్న కాదమ్మా, వందేళ్లనాటిది" అన్నారు. ఆ వందేళ్ల ప్రశ్న కోసం నేను మా పాత పత్రికల బీరువాలు తెరిచాను.

ముక్కు పక్క గదులు, మెడలోని గ్రంథి

ముందుగా రెండు మాటలు. మన ముఖం ఎముకలు గట్టి దిమ్మెలు కావు. బుగ్గల వెనుక, నుదుటి వెనుక, రెండు కళ్ల మధ్య, ఇంకా లోపల పుర్రె అడుగున గాలి నిండిన గదులు ఉన్నాయి. ఇవి నాలుగు జతలు. వీటినే సైనస్‌లు అంటారు. పడిశం పట్టినప్పుడు వీటి లోపలి పొర వాచి, ముక్కులోకి తెరుచుకునే సన్నని ద్వారాలు మూసుకుపోతాయి. లోపల నీరు చేరి, ఒక్కొక్కసారి చీము పడుతుంది. తలనొప్పి, ముక్కు దిబ్బడ, ముఖం బరువెక్కటం మనందరికీ అనుభవమే.

థైరాయిడ్ గ్రంథి గొంతుముడికి కింద, శ్వాసనాళానికి ముందు సీతాకోకచిలుక ఆకారంలో ఉంటుంది. బరువు సుమారు 20 గ్రాములు. ఆహారంలోని అయోడిన్‌తో ఒక హార్మోను తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. పొయ్యి మంటను ఎక్కువ తక్కువలు చేసే మర వంటిది ఈ గ్రంథి. మంట ఎక్కువైతే గుండె దడ, చెమట, బరువు తగ్గటం, చేతుల వణుకు, నిద్రలేమి, విరేచనాలు మొదలౌతాయి. కొందరికి కనుగుడ్లు ముందుకు పొడుచుకు వస్తాయి.

ఈ రెండూ ఒకదానికొకటి జానెడు దూరంలో ఉన్నాయి. ఒక దానిలో చీము ఉంటే అది కిందికి జారి రెండో దానిని రేపుతుందని అనుకోవటం ఎవరికైనా సహజమే.

మొదటి రోగులు

ఇంగ్లండులోని బాత్ నగరంలో కేలబ్ పారీ అనే వైద్యుడు 1786లో ఒక స్త్రీని పరీక్షించాడు. వయసు 37. గుండె విపరీతంగా కొట్టుకుంటున్నది, మెడ వాచింది. ఆమె జబ్బు కథను పారీ రాసిపెట్టుకున్నాడు. ఆరేళ్ల క్రితం పురిట్లో ఆమెకు జలుబు చేసింది. ఆ వెంట నెల రోజులు కీళ్ల జ్వరం వచ్చింది. ఆ తరువాతే గుండె దడ మొదలైంది. పారీ 1822లో కాలధర్మం చెందగా, ఆయన రాతలు 1825లో అచ్చయ్యాయి. అనగా ఈ జబ్బును గూర్చి అచ్చులోకి వచ్చిన తొలి వివరాలలోనే జలుబు, జ్వరం ముందు నిలబడ్డాయి.

తరువాత డబ్లిన్ నగరంలో రాబర్ట్ గ్రేవ్స్ 1835లోను, జర్మనీలోని మెర్సెబర్గ్ పట్టణంలో కార్ల్ ఫాన్ బాసెడో 1840లోను ఇదే జబ్బును వర్ణించారు. ఇంగ్లీషు చదివిన దేశాలలో దానికి గ్రేవ్స్ వ్యాధి అని, జర్మన్ చదివిన దేశాలలో బాసెడో వ్యాధి అని పేరు నిలిచింది. ముందు చూసిన పారీ పేరు మరుగున పడింది. ఉద్యోగాలలో సీనియారిటీ తగాదాలు ఎరిగిన మనకు ఇది వింతగా తోచదు.

అయితే ఈ ముగ్గురిలో ఎవరికీ జబ్బు మూలం తెలియదు. గుండె జబ్బు అన్నారు, నరాల జబ్బు అన్నారు, భయం వల్ల వస్తుందన్నారు. మూలం తెలియని రోగం ఖాళీ కుర్చీ వంటిది. బలమైన సిద్ధాంతం ఏది వచ్చినా ముందు వెళ్లి దానిలో కూర్చుంటుంది.

చీము సిద్ధాంతం

అటువంటి బలమైన సిద్ధాంతం 20వ శతాబ్దం ఆరంభంలో వచ్చింది. క్రిములే అంటురోగాలకు కారణమని పాశ్చర్, కాక్ అప్పటికే నిరూపించారు. మరి క్రిములు కనబడని రోగాలకు కారణమేమిటి? ఎక్కడో ఒక మూల దాగిన క్రిములు విషాన్ని రక్తంలోకి వదులుతున్నాయి అన్నారు. లండన్ వైద్యుడు విలియం హంటర్ 1910లో కెనడాలోని మాంట్రియల్‌లో ఉపన్యసిస్తూ నోటిలోని చీమును, దానిపై బంగారు తొడుగులు వేసి కప్పిపెట్టే దంతవైద్యాన్ని దుయ్యబట్టాడు. చికాగోకు చెందిన ఫ్రాంక్ బిల్లింగ్స్ 1912 నుంచి దీనినే శాస్త్రంగా తీర్చి, 1916లో పుస్తకంగా ప్రకటించాడు. దాగిన చీము ఉన్న చోటును మూలస్థానం అనుకుందాం. పళ్లు, టాన్సిల్స్, సైనస్‌లు ఆ మూలస్థానాలలో ముఖ్యమైనవి.

ఇక చూడండి. కీళ్లనొప్పి వస్తే పళ్లు పీకారు. మూత్రపిండాలు చెడితే టాన్సిల్స్ తీశారు. అమెరికాలోని ట్రెంటన్ పిచ్చాసుపత్రికి అధిపతిగా ఉన్న హెన్రీ కాటన్ మతిభ్రమణానికి కూడా చీమే కారణమని నమ్మి, రోగుల పళ్లు, టాన్సిల్స్, సైనస్‌లు, చివరకు పెద్దపేగును కూడా వదలలేదు. పేగు శస్త్రచికిత్సలలో ఎందరో ప్రాణాలు కోల్పోయారు.

గ్రేవ్స్ వ్యాధి కూడా ఈ ప్రవాహంలో పడింది. ఆ వ్యాధిగ్రస్తులకు ముందుగా టాన్సిల్స్ తీయటం, చెడిన పళ్లు పీకటం, సైనస్‌లను తెరిచి కడగటం ఆ కాలంలో వైద్యంలో భాగమైంది. కొందరికి తగ్గింది కూడా. అదే ప్రమాదం. ఎవరికీ తగ్గకపోతే ఆ సిద్ధాంతం ఏనాడో పోయేది.

మన తర్కశాస్త్రంలో కాకతాళీయ న్యాయం అని ఒకటి ఉంది. కాకి వచ్చి వాలింది, తాటిపండు రాలింది. కాకి వాలటం వల్లే పండు రాలిందని చూసినవాడు అనుకుంటాడు. పండు మగ్గి రాలటానికి సిద్ధంగా ఉన్న సంగతి అతనికి కనబడదు. గ్రేవ్స్ వ్యాధికి ఒక గుణం ఉంది. అది కొందరిలో ఏ వైద్యం లేకున్నా కొన్నాళ్లకు దానంతట అది నెమ్మదిస్తుంది. శస్త్రచికిత్స కోసం ఆసుపత్రిలో చేర్చి, మంచం మీద పడుకోబెట్టి, కడుపునిండా పాలూ గుడ్లూ పెడితే కొంత తేరుకుంటారు కూడా. కీర్తి మాత్రం టాన్సిల్స్ తీసిన కత్తికి దక్కింది.

గిల్గిత్ నీళ్లు, కాంగ్రా ఉప్పు

ఈ చీము సిద్ధాంతానికి దగ్గరి బంధువు ఒకటి మన దేశంలోనే పుట్టింది. అది థైరాయిడ్ అతిగా పనిచేసే జబ్బును గూర్చి కాదు, గ్రంథి ఊరికే ఉబ్బి మెడ కింద సంచిలా వేలాడే గలగండాన్ని గూర్చి. కాని ఆలోచన ఒక్కటే - థైరాయిడ్ జబ్బుకు మూలం క్రిమి అని.

రాబర్ట్ మెక్‌కారిసన్ ఐర్లండులో పుట్టి, 1901లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరిన వైద్యుడు. వాయవ్య సరిహద్దున ఉన్న గిల్గిత్‌లో పనిచేస్తూ ఒక వింత గమనించాడు. అక్కడ ఒకే కాలువ వెంబడి ఎనిమిది పల్లెలు ఉన్నాయి. అన్నిటికీ తాగునీరు ఆ కాలువే. పై పల్లె మురుగు కింది పల్లె నీటిలో కలుస్తుంది. అన్నింటికన్నా పైనున్న పల్లెలో గలగండం నూటికి సుమారు 12 మందికి ఉంటే, కిందికి పోయిన కొద్దీ పెరుగుతూ చివరి పల్లెలో 45 మందికి ఉంది. ఆ నీటిని వడకట్టగా మిగిలిన మడ్డిని ఆయన తాను తాగి, ఒప్పుకున్న మరికొందరి చేత తాగించాడు. కొందరికి గ్రంథి ఉబ్బింది. అదే మడ్డిని కాచి తాగినవారికి ఉబ్బలేదు. కాబట్టి ఇది క్రిముల పనే అని తేల్చాడు.

ఎంత చక్కని పరిశీలన! ఆయన ధైర్యానికి చేతులెత్తి నమస్కరించాలి. కాని హిమాలయ ప్రాంతపు గలగండానికి అసలు కారణం మురుగు కాదు, కొండ నేలల్లో అయోడిన్ లేకపోవటం. మురుగు నీరు ఆ లోటు మీద మరికొంత భారం వేసి ఉండవచ్చు గాని, మూలం లోటే.

దానిని తిరుగులేకుండా చూపినవారు మన తెలుగువారు. శ్రీకాకుళంలో 1921లో జన్మించి, విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామిగారు, తన సహచరులతో కలిసి 1956లో హిమాచల్ ప్రాంతపు కాంగ్రా లోయలో ఒక ప్రయోగం ఆరంభించారు. సుమారు లక్ష జనాభా ఉన్న ప్రాంతాన్ని మూడు మండలాలుగా విభజించారు. రెండు మండలాలకు అయోడిన్ కలిపిన ఉప్పు, ఒక మండలానికి మామూలు ఉప్పు పంపిణీ చేయించారు. కొన్నేళ్లకు మొదటి రెండు మండలాలలో గలగండం బాగా తగ్గింది. మామూలు ఉప్పు తిన్న మండలంలో ఎప్పటిలాగే ఉంది. 1962లో కేంద్ర ప్రభుత్వం జాతీయ గలగండ నివారణ కార్యక్రమం మొదలుపెట్టింది. ఈనాడు మన వంటింట్లో ఉన్న అయోడైజ్డ్ ఉప్పు పొట్లం వెనుక ఇంత చరిత్ర ఉంది.

ఇక్కడ గ్రహించవలసింది ఆ మూడో మండలాన్ని. కాకి వాలని చెట్టు కింద కూడా నిలబడి చూడాలి. అక్కడ కూడా పండు రాలుతుంటే కాకి ప్రమేయం లేదని అర్థం. చీము సిద్ధాంతం వారు టాన్సిల్స్ తీసినవారిని చూశారే గాని, తీయనివారిని పక్కన పెట్టి లెక్క చూడలేదు.

మెక్‌కారిసన్‌ను తక్కువ చేయటం నా ఉద్దేశం కాదు. ఆయన 1918లో నీలగిరిలోని కూనూరులో ఒకే ఒక గదిలో ప్రారంభించిన పరిశోధనశాలే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. తార్నాక మీదుగా వెళ్లే మిత్రులు ఆ గేటు చూసినప్పుడు గిల్గిత్ కాలువను ఒకసారి తలచుకోవచ్చు.

సిద్ధాంతం పడిపోవటం

చివరకు లెక్క చూసినవారు వచ్చారు. న్యూయార్కులో రస్సెల్ సిసిల్, ముర్రే యాంజివైన్ అనే వైద్యులు 200 మంది కీళ్లవాతం రోగుల వివరాలు పరిశీలించి 1938లో ప్రకటించారు. మూలస్థానాలను తొలగించినందువల్ల చెప్పుకోదగిన మేలు లేదని తేలింది. కీళ్లవాతానికి క్రిమి కారణమని అంతకుముందు వాదించినవారిలో సిసిల్ కూడా ఒకడు. తన సిద్ధాంతాన్ని తన లెక్కతోనే పక్కకు నెట్టాడు. 1940లో రైమన్, హేవెన్స్ అనేవారు మొత్తం సిద్ధాంతాన్నే విమర్శించారు. ఆ తరువాత అది క్రమంగా పాత పుస్తకాలలోకి వెళ్లింది.

గ్రేవ్స్ వ్యాధి అసలు కారణం మాత్రం 1956లో బయటపడింది. మనకు ఆంధ్రప్రదేశ్ అవతరించిన సంవత్సరమే. న్యూజిలాండులోని డునెడిన్ నగరంలో ఆడమ్స్, పర్వెస్ అనే పరిశోధకులు రోగుల రక్తద్రవాన్ని గినీ పందులకు ఎక్కించగా, వాటి థైరాయిడ్ మామూలుకన్నా చాలాసేపు ప్రేరేపితమై ఉండటం గమనించారు. ఆ రక్తంలో ఉన్నది శరీరమే తయారు చేసుకున్న యాంటీబాడీ అని తరువాత తెలిసింది. క్రిములను ఎదుర్కోవలసిన రక్షణ వ్యవస్థ పొరబడి సొంత థైరాయిడ్‌ను అదేపనిగా తట్టిలేపుతున్నదన్న మాట. ఇంటి కావలివాడే రాత్రంతా యజమాని తలుపు తట్టటం వంటిది.

అలాగని బయటి కారణాలకు చోటు పూర్తిగా పోలేదు. 2001లో డెన్మార్క్ పరిశోధకులు కవలలను పరిశీలించారు. అచ్చు ఒకే పోలికతో పుట్టిన కవలలలో ఒకరికి గ్రేవ్స్ వ్యాధి వస్తే రెండోవారికి కూడా ఉన్నది నూటికి 35 జంటలలో. మామూలు కవలలలో అది 3 మాత్రమే. వంశపారంపర్యం బలం అక్కడ తెలుస్తున్నది. కాని ఒకే రక్తం, ఒకే పోలిక ఉండి కూడా 65 జంటలలో రెండోవారికి రాలేదు. విత్తనం ఒక్కటే చాలదు, మొలకెత్తించే తడి ఏదో కావాలి. పొగతాగటం, మానసిక ఒత్తిడి, ప్రసవానంతర మార్పులు, అయోడిన్ మోతాదు ఆ తడిలో భాగాలని గుర్తించారు. కొన్ని క్రిములపై కూడా అనుమానం ఉంది, పరిశోధనలు జరిగాయి. సైనస్‌లోని చీము గ్రేవ్స్ వ్యాధిని పుట్టిస్తుందన్న మాట మాత్రం రుజువు కాలేదు. ఇదీ మా ఆవిడ ప్రశ్నకు జవాబు.

మిగిలిన నిజం

జవాబు "కాదు" అన్నంత మాత్రాన కథ ముగియలేదు. పడిశానికీ థైరాయిడ్‌కూ కలిసే దారులు కొన్ని నిజంగానే ఉన్నాయి. అవి చీము సిద్ధాంతం వారు వెతికిన చోట లేవు, అంతే.

మొదటిది. స్విట్జర్లండుకు చెందిన ఫ్రిట్జ్ డి కెర్వాన్ 1904లో వర్ణించిన థైరాయిడ్ వాపు. వైరస్ వల్ల వచ్చిన జలుబు, గొంతునొప్పి తగ్గిన కొన్ని వారాలకు మెడ ముందు భాగంలో నొప్పి మొదలౌతుంది. అది దవడకు, చెవికి పాకుతుంది. ముట్టుకుంటే భరించలేరు. వాచిన గ్రంథి తనలో నిల్వ ఉన్న హార్మోనును ఒక్కసారిగా రక్తంలోకి వదలటంతో దడ, చెమట, బరువు తగ్గటం కనిపిస్తాయి. 2020 తరువాత కోవిడ్ వచ్చి తగ్గినవారిలో కూడా ఇటువంటివి బయటపడ్డాయి. దీనికి గ్రేవ్స్ వ్యాధి మందులు పనికిరావు. నొప్పికి, వాపుకు మందులిస్తే చాలామందికి కొన్ని నెలల్లో సర్దుకుంటుంది. చెవినొప్పి, సైనస్ నొప్పి అని దీనిని నిర్లక్ష్యం చేయరాదు. పడిశం వెనుక థైరాయిడ్ జబ్బు రావటం అనే పాత అనుమానానికి నిజమైన ఆధారం ఇదే.

రెండవది. థైరాయిడ్ అతిగా పనిచేస్తూ, వైద్యం అందకనో, మందులు మధ్యలో మానేసో ఉన్నవారికి ఏదైనా ఇన్‌ఫెక్షన్ సోకితే ఒంట్లో తుపాను చెలరేగవచ్చు. వైద్యులు దీనిని థైరాయిడ్ తుపాను అనే అంటారు. తీవ్ర జ్వరం, గుండె పరుగు, మతి తప్పటం దీని లక్షణాలు. పెద్దాసుపత్రిలో చేర్చినా పదిమందిలో సుమారు ఒకరు దక్కని పరిస్థితి. కనుక మందులు మొదలుపెట్టినవారు డాక్టరు చెప్పకుండా మానరాదు.

మూడవది మరీ ముఖ్యం. 1943లో అమెరికా వైద్యుడు ఆస్ట్‌వుడ్ థైరాయిడ్ ఉధృతిని తగ్గించే మందులకు బాట వేశాడు. నేడు వాడే కార్బిమజోల్, మెథిమజోల్ ఆ కోవలోవే. ఇవి కోట్లమందికి మేలు చేశాయి. అయితే వెయ్యిమందిలో ఇద్దరి నుంచి ఐదుగురికి, ఎక్కువగా మొదటి మూడు నెలల్లో, తెల్ల రక్తకణాలు ఒక్కసారిగా పడిపోతాయి. దాని మొదటి గుర్తు గొంతునొప్పి, జ్వరం. చూడటానికి మామూలు పడిశంలాగే ఉంటుంది. మన సంఘ మిత్రుడు ఒకరికి ఇదే జరిగింది. ఆయన అనుమతితో, పేరు లేకుండా రాస్తున్నాను. మాత్రలు మొదలుపెట్టిన ఆరో వారంలో గొంతు పట్టేసింది. పాత సైనసే తిరగబెట్టిందని ఇంట్లో మిరియాల కషాయం ఇచ్చారు, ఆవిరి పట్టారు. మూడో రోజుకు జ్వరం 103 దాటింది. కూతురు బలవంతంగా రక్తపరీక్ష చేయించగా తెల్ల కణాలు దాదాపు లేవని తెలిసింది. మాత్ర ఆపి, ఆసుపత్రిలో 12 రోజులు ఉంచి బతికించారు. కాబట్టి ఈ మాత్రలు వాడే ఇంట్లో ఒక నియమం ఉండాలి. గొంతునొప్పి, జ్వరం కలిసి వస్తే ఆ రోజు మాత్ర వేసుకోకుండా, ఆ రోజే డాక్టరుకు చెప్పి తెల్ల రక్తకణాల పరీక్ష చేయించాలి. రేపటికి వాయిదా వద్దు.

నాలుగవది కంటికి సంబంధించినది. కనుగుడ్డు కూర్చున్న గూటికి కింది గోడ, లోపలి పక్క గోడ సైనస్‌లతో ఉమ్మడి గోడలు. గ్రేవ్స్ వ్యాధిలో కంటి వెనుక కండరాలు వాచి గుడ్డు ముందుకు వస్తుంది. చూపుకు ముప్పు ఏర్పడినప్పుడు ఆ ఉమ్మడి గోడలు కొంత తొలగించి, వాచిన కండరానికి సైనస్ గదిలో చోటు ఇస్తారు. 1957లో వాల్ష్, ఒగురా అనే వైద్యులు ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. ఇప్పుడు ముక్కులోంచి సన్నని గొట్టంతోనే చేస్తున్నారు. చీము సిద్ధాంతం రోజుల్లో అనవసరంగా తెరిచిన సైనస్‌లే ఈనాడు చూపును కాపాడటానికి తెరుస్తున్నారంటే చరిత్ర ఎంత వంకర దారుల్లో నడుస్తుందో చూడండి. అలాగే సైనస్‌లోని చీము లేదా బూజు కంటి గూటిలోకి పాకినా గుడ్డు ముందుకు వస్తుంది. అది సాధారణంగా ఒక కన్నే, నొప్పితో, త్వరగా వస్తుంది. ఏదైనా సరే, అది వెంటనే చూపించవలసిన సంగతి.

ఐదవది కేవలం మాటల తికమక. మరొక మిత్రుడికి ఇ.సి.జి. తీస్తే కాగితం మీద "సైనస్ టాకికార్డియా" అని వచ్చింది. ఆయన ఆ కాగితం పట్టుకుని ముక్కు, చెవి, గొంతు డాక్టరు దగ్గర గంటన్నర కూర్చున్నారు. లాటిన్‌లో సైనస్ అంటే వంపు, గూడు. గుండెలో లయను పుట్టించే చిన్న ముడికి కూడా ఆ పేరే ఉంది. దానిని 1907లో కీత్, ఫ్లాక్ కనుగొన్నారు. ఆ మాటకు అర్థం గుండె తన సహజమైన లయలోనే వేగంగా కొట్టుకుంటున్నదని. ముక్కుకు దానితో సంబంధం లేదు. తమాషా ఏమిటంటే, అలా వేగంగా కొట్టుకోవటానికి ఉన్న కారణాలలో థైరాయిడ్ ఒకటి. ఆయన పరీక్ష చేయించుకున్నారు, థైరాయిడ్ సరిగానే ఉంది. రక్తహీనత బయటపడింది. అదీ మేలే.

మన వయసుకు ప్రత్యేకంగా

అమెరికాలోని బోస్టన్ వైద్యుడు ఫ్రాంక్ లేహీ 1931లో ఒక సంగతి హెచ్చరించాడు. వయసు మళ్లినవారిలో ఈ జబ్బు వేషం మార్చుకుని వస్తుంది. కళ్లు పొడుచుకు రావు, చేతులు అంతగా వణకవు, హడావిడి ఉండదు. మనిషి ముడుచుకుపోయి, నీరసపడి, చిక్కిపోతాడు. ఆకలి తగ్గుతుంది. గుండె లయ తప్పుతుంది. ఇంట్లోవారు "వయసు మీద పడింది" అంటారు. పెద్దవారిలో గ్రేవ్స్ వ్యాధి కాకుండా, గ్రంథిలో ఏళ్ల తరబడి పెరిగిన గడ్డలు సొంతంగా హార్మోను తయారుచేయటం వల్ల కూడా ఇది వస్తుంది.

కనుక కొన్ని మనవులు. కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, గుండె లయ కొత్తగా తప్పినా టి.ఎస్.హెచ్. అనే రక్తపరీక్ష గూర్చి డాక్టరుగారిని అడగండి. గ్రంథి అతిగా పనిచేస్తే సాధారణంగా టి.ఎస్.హెచ్. పెరగదు, తగ్గుతుంది. చాలామంది దీనిని తలకిందులుగా అర్థం చేసుకుంటున్నారు. జుట్టుకు, గోళ్లకు బయోటిన్ మాత్రలు వాడుతుంటే ఆ సంగతి ముందే చెప్పండి. అవి కొన్ని పరీక్షల ఫలితాలను తప్పుగా చూపిస్తాయి. ముక్కు దిబ్బడకు మందుల షాపులో అడిగి తెచ్చుకునే కొన్ని మాత్రలలో సూడోఎఫెడ్రిన్, ఫినైలెఫ్రిన్ వంటివి ఉంటాయి. ఇవి గుండె దడను, రక్తపోటును పెంచగలవు. థైరాయిడ్ ఉధృతి ఉన్నవారు, గుండె జబ్బు ఉన్నవారు వాటిని డాక్టరును అడగకుండా వాడరాదు. ఆవిరికి, ఉప్పునీటితో ముక్కు కడుక్కోవటానికి ఆ భయం లేదు. కడుక్కునే నీరు మాత్రం కాచి చల్లార్చినదై ఉండాలి.

ఈ చరిత్ర చదివాక నాకు తోచింది ఇది. పారీ నుంచి మెక్‌కారిసన్ వరకు ఎవరూ అజ్ఞానులు కారు. వారు కళ్లారా చూసినదే రాశారు. రెండు సంగతులు జంటగా కనబడితే ఒకటి రెండోదానికి తల్లి అనుకోవటం మనిషి స్వభావం. వాటిని విడదీసి, పక్కనే మూడో మండలాన్ని పెట్టి లెక్క చూడటానికి ఓపిక కావాలి. మన ఇళ్లలో కూడా అంతే. పాత సైనస్ ఉన్న మనిషికి కొత్తగా ఏది వచ్చినా దానిని సైనస్ ఖాతాలో వేసేస్తాం. పాత ఖాతా తెరిచి ఉంది గదా అని కొత్త పద్దు అందులో రాయటం జమాఖర్చులు తెలిసిన మనకు తగదు. కొత్త పద్దుకు కొత్త పేజీ తీయాలి.

పడిశం పది రోగాల పెట్టే కావచ్చు. కాని ఆ పెట్టె మూత తెరిచి, లోపల ఏముందో ఒక్కొక్కటిగా చూసుకోవటం మన పని.